‘పెన్ను’లో ఒక్క ఎన్నే ఎందుకు?

ఇంగ్లిష్ స్పెల్లింగ్ మీద ఈసారి వరంగల్, కరీంనగర్ వైపు నుంచి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకే తీరువి కలిపి జవాబులు ఇస్తున్నాం. ఇంగ్లిష్ అక్షరాల పేర్లను తెలుగులోనే రాశాం. పక్కన నోటుబుక్కు పెట్టుకుని ఆ మాటలను ఇంగ్లిష్‌లో రాసుకుంటూ చదివితే తేలిగ్గా పట్టుబడుతుంది.

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. స్పెల్లింగులు పదిపది సార్లు రాయిస్తున్నం. రాత్రి మంచిగ అప్పజెప్తడు, తెల్లారి డిక్టేషన్‌ల తప్పుతడు. పెన్నుకు రెండు ఎన్‌లు, బస్సుకు రెండు ఎస్‌లు పెడ్తడు. అవి దిద్దితే బెల్లుకు కూడా ఒక్క ఎల్లే రాసిండు. ఏం చేయాలె?
— ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మీ బాబు తప్పుల్లో ఒక లెక్క ఉందమ్మా. వాడు చెవికి వినబడ్డదే రాస్తున్నాడు. ఇంగ్లిష్ మాట మన నోట్లోకి రాగానే చివర ఉకారం చేరుతుంది. దాని ముందు పొట్టి అచ్చు ఉంటే హల్లుకు ఒత్తు కూడా పడుతుంది: పెన్ను, కప్పు, నెట్టు, బస్సు, బిల్లు. పొడుగు అచ్చు ఉంటే పడదు: గేటు, లైను, నోటు, సీటు. ఆ ఒత్తు మనం పెట్టుకున్నది, ఇంగ్లిష్ వాళ్లది కాదు. అందుకే మొదట ఆ తోక తీసేయించండి. ‘పెన్ను’ అని కాకుండా ‘పెన్’ అని పలికించి అప్పుడు రాయించండి.

ఇక బెల్లు సంగతి. ఒకే ముక్క (సిలబుల్, అంటే ఒక్క ఊపున పలికే భాగం) ఉన్న మాటలో ఒకే ఒక పొట్టి అచ్చు ఉండి, చివర ఎఫ్, ఎల్, ఎస్, జెడ్ వస్తే ఆ అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. బెల్, బిల్, సెల్, హిల్, క్లాస్, గ్లాస్, పాస్, స్టాఫ్, ఆఫ్ కొట్టడంలోని ఆఫ్, అన్నీ ఇంతే. ఎన్, పి, టి, డి, ఎం, జి వస్తే ఒక్కటే: పెన్, కప్, నెట్, బెడ్, గమ్, బ్యాగ్. క్ శబ్దానికి పొట్టి అచ్చు తర్వాత సి-కె రెండూ వస్తాయి: లాక్, బ్యాక్, డక్, నెక్. ముందు ఇంకో హల్లు గానీ, జంట అచ్చు గానీ ఉంటే ఉత్త కె చాలు: మిల్క్, బ్యాంక్, బుక్, వీక్. బస్, గ్యాస్, యెస్ ఈ నియమానికి లొంగవు. బస్ అనేది ఓమ్నిబస్ అనే పెద్ద మాటకు మిగిలిన తోక, అందుకే ఒక్క ఎస్‌తో నిలిచింది. ఎగ్, యాడ్ మాటల్లో జి, డి రెండేసి ఉండటానికి కారణం వేరు: అర్థమున్న మాటకు కనీసం మూడక్షరాలు ఉండాలనే అలవాటు ఇంగ్లిష్‌కు ఉంది.

ఒత్తు పడని గేటు, లైను, నోటు, ట్యూబు లాంటి మాటలకు చివర పలకని ఇ ఉంటుంది: జి-ఎ-టి-ఇ, ఎల్-ఐ-ఎన్-ఇ, ఎన్-ఓ-టి-ఇ, టి-యు-బి-ఇ. ఆ ఇ పని ముందున్న అచ్చును సాగదీయడమే. సీటు, షీటు, టీము లాంటి ఈకారపు మాటల్లో మాత్రం ఇ-ఎ గానీ ఇ-ఇ గానీ జంటగా వస్తాయి. కోటుకు ఓ-ఎ, లైటుకు ఐ-జి-హెచ్-టి విడిగా నేర్పాలి.

పదిసార్లు రాయించేటప్పుడు వాడి చేతిని ఒకసారి గమనించండి. రెండు మూడు వరుసలు అయ్యాక పిల్లలు మాటను అడ్డంగా రాయరు. మొదటి అక్షరాన్ని పైనుంచి కిందిదాకా పదిసార్లు, తర్వాత రెండో అక్షరాన్ని పదిసార్లు, నాట్లలో మునుం పట్టినట్టు దించుకుంటూ పోతారు. పేజీ నిండుతుంది గానీ ఒక్కసారి కూడా మాట మొత్తం మనసులో పడదు. అది ఆపేయండి. రోజుకు ఆరు మాటలు చాలు: ఒకే నియమానివి నాలుగు, దానికి లొంగనిది ఒకటి, పాతది ఒకటి. మాటను పలికి, చూసి ఒకసారి రాయాలి. పుస్తకం మూసి ఇంకోసారి రాయాలి. తెరిచి వాడే సరిచూసుకుని, తప్పిన అక్షరం కింద గీత గీసి, ఆ మాటను ఒక్కసారి తిరిగి రాయాలి. అవే మాటలు మర్నాడు, మూడో రోజు, వారానికి ఒకసారి అడగండి. మొత్తం పది నిమిషాల పని.

ప్రశ్న: చప్పట్లు కొట్టిస్తూ సిలబుల్స్ నేర్పుతున్నాను. పిల్లలు స్కూల్‌కు రెండు చప్పట్లు, బుక్‌కు రెండు కొడుతున్నారు. పెన్సిల్‌ను విడగొట్టమంటే పె-న్సి-ల్ అంటున్నారు. తెలుగు అక్షరాలే అడ్డం వస్తున్నాయా?
— ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, పరకాల దగ్గర

జవాబు: అడ్డం వస్తున్నది తెలుగు రాత సారూ, తెలుగు చెవి కాదు. రాతలో ‘న్సి’ ఒకే అక్షరం కాబట్టి పిల్లలు దాన్ని విరవరు. కానీ ఛందస్సులో మనం ఏం చేస్తాం? సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అంటాం. ఎందుకు? ఆ జంటలోని మొదటి హల్లు వెనక్కి వాలి ముందక్షరాన్ని బరువెక్కిస్తుంది గనుక. పెన్సిల్‌లో నకారం పె మీద వాలుతుంది: పెన్-సిల్. సిస్టర్‌లో సకారం సి మీద వాలుతుంది: సిస్-టర్. రెండు అచ్చుల మధ్య రెండు హల్లులుంటే వాటి నడుమ కోయాలని ఇంగ్లిష్ టీచర్లు చెప్పే నియమం ఇదే. గురులఘువులు హైస్కూల్లో వస్తాయి. మీ చిన్న పిల్లలకు ఆ పేర్లు అక్కర్లేదు, పలుకుతూ ఎక్కడ ఆగుతున్నామో వినిపిస్తే చాలు.

చప్పట్లు ఎక్కువ కావడానికి రెండు కారణాలు. బుక్కు అన్నప్పుడు చివరి ఉకారం ఒక చప్పట తింటుంది. ఇస్కూల్, ఇస్టేషన్ అన్నప్పుడు మొదటి ఇకారం ఇంకోటి తింటుంది. ఇస్కూల్ అనే పిల్లవాడు రాతలో ముందు ఐ పెడతాడు కూడా. స్‌ను పాము బుసలా సాగదీసి ‘స్స్‌స్కూల్’ అనిపించండి, ఆ ఐ దానంతటదే పోతుంది. అరచేయి గడ్డం కింద పెట్టుకుని పలికితే దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని సిలబుల్స్. స్కూల్‌కు ఒకసారి, పెన్సిల్‌కు రెండుసార్లు, హాస్పిటల్‌కు మూడుసార్లు దిగుతుంది.

లెక్క తేలాక పలక మీద అన్ని గీతలు గీయించండి. ప్రతి గీత మీద కనీసం ఒక అచ్చక్షరం పడాలి, ఇది తప్పనిసరి. హాస్పిటల్‌ను హెచ్-ఎ-ఎస్-పి-టి-ఎ-ఎల్ అని రాసేవాళ్లు మూడు గీతలు చూడగానే నడిమి గీత మీద అచ్చు లేదని వాళ్లే పట్టుకుంటారు.

ఆ తర్వాతి మెట్టు మూసిన ముక్క, తెరిచిన ముక్క. హల్లుతో ముగిస్తే మూసినట్టు, అచ్చు పొట్టిగా పలుకుతుంది: సిస్, పెన్. అచ్చుతో ముగిస్తే తెరిచినట్టు, అచ్చు తన పేరునే పలుకుతుంది: పే-పర్, టై-గర్, స్టూ-డెంట్, మ్యూ-జిక్. డిన్నర్‌లో రెండు ఎన్‌లు ఎందుకంటే ఒకటి మొదటి ముక్కకు తలుపు, ఇంకోటి రెండో ముక్కకు మొదలు. ఆ తలుపు తీసేస్తే అది డైనర్ అవుతుంది. సమ్మర్, రబ్బర్, లెటర్, బటర్ అన్నీ ఇలాంటివే. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే ముందు తెరిచి చదివించండి, అర్థం రాకపోతే మూసి చదివించండి. రివర్, లెమన్ మాటలను మూసే చదవాలి. సెవెన్, నెవర్, రివర్ మాటల్లో పొట్టి అచ్చున్నా వి రెండుసార్లు రాదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో వి జంటగా రావడం చాలా అరుదు.

టేబుల్, బాటిల్ లాంటి వాటిని చివరి నుంచి కోయాలి. వెనక నుంచి మూడక్షరాలు లెక్కపెట్టి గీత గీస్తే టి-ఎ ఒక ముక్క, బి-ఎల్-ఇ ఒక ముక్క. టే తెరిచి ఉంది కాబట్టి ఒక్క బి. బాటిల్‌లో మొదటి ముక్క బి-ఓ-టి, మూసింది, రెండోది టి-ఎల్-ఇ. అందుకే రెండు టి. లిటిల్, ఆపిల్ కూడా ఇలాగే తేలతాయి. పలకని ఇ ఉన్న ముక్క, జంట అచ్చుల ముక్క, ఆర్ అంటిన ముక్క కలిపితే మొత్తం ఆరు రకాలు. కానీ మొదటి ఏడాది మూసినవి, తెరిచినవి పక్కాగా వస్తే చాలు. ఆరూ ఒకే నెలలో చెప్తే ఏదీ నిలవదు.

మాటలకు వెతుక్కోనక్కర్లేదు. 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌తో పుస్తకాలు వచ్చాయి కదా. తెలుగు పేజీలో ఉన్న ఇంగ్లిష్ మాటలకు గీత గీయించి, ఎదురు పేజీలో వాటి స్పెల్లింగ్ పట్టుకోమనండి.

ప్రశ్న: షాపింగ్‌కు రెండు పి, డైనింగ్‌కు ఒక ఎన్, బిగినింగ్‌కు రెండు ఎన్, ఓపెనింగ్‌కు ఒకటి. నియమం చదివాను గానీ పరీక్షలో తప్పు పోతోంది.
— పదో తరగతి విద్యార్థిని, జగిత్యాల

జవాబు: మూల మాటను మూడు ప్రశ్నలు అడగమ్మా. ఒకే సిలబులా? అచ్చక్షరం ఒకటేనా? దాని తర్వాత ఒకే హల్లుతో ముగుస్తోందా? మూడింటికీ అవునంటే, ఐ-ఎన్-జి, ఇ-డి, ఇ-ఆర్ చేర్చేటప్పుడు ఆ హల్లు రెండవుతుంది. రన్, సిట్, సెట్, ఫిట్ చూడు. రన్నింగ్, సెట్టింగ్, ఫిట్టింగ్ అని మన నోరే ఒత్తు పలుకుతుంది కాబట్టి వీటిలో తప్పు పోదు.

తప్పు పోయేది షాపింగ్, ప్లానింగ్, స్టాపింగ్ దగ్గర. షాప్, స్టాప్ మాటల్లోని ఓ అక్షరాన్ని మనం ‘ఆ’ అని, ప్లాన్‌లోని ఎ అక్షరాన్ని ‘ఆ’, ‘యా’ అని సాగదీస్తాం. పొడుగు అచ్చు తర్వాత ఒత్తు పెట్టడం మన చెవికి ఇష్టం ఉండదు, అందుకే ఒక్క పి, ఒక్క ఎన్‌తో సరిపెడతాం. ఇంగ్లిష్‌లో అవి పొట్టి అచ్చులే. బ్యాగ్, ప్లాన్, షాప్ రకం మాటలు ఏవి వచ్చినా చెవిని నమ్మకుండా మూడు ప్రశ్నలనే నమ్ము. ఏ, ఐ, ఓ అని అక్షరం తన పేరే పలికితేనే నిజమైన పొడుగు. డైనింగ్ మూలం డి-ఐ-ఎన్-ఇ, చివరి ఇ పోయి ఐ-ఎన్-జి వచ్చింది. హోప్ నుంచి వచ్చే హోపింగ్‌కు ఒక్క పి, గెంతడం అనే అర్థమున్న హాప్ నుంచి వచ్చే హాపింగ్‌కు రెండు పి. ఎక్స్, డబ్ల్యూ, వై ఎప్పుడూ రెండు కావు: ఫిక్సింగ్, షోయింగ్, ప్లేయింగ్.

రెండు సిలబుల్స్ ఉంటే నాలుగో ప్రశ్న కూడా కావాలి: ఊనిక (పలికేటప్పుడు గట్టిగా నొక్కడం) చివరి ముక్క మీద ఉందా? బిగిన్, అడ్మిట్, ఫర్గెట్, రిఫర్, అకర్ మాటల్లో ఊనిక చివరన ఉంది, కాబట్టి బిగినింగ్, అడ్మిటెడ్, రిఫర్డ్ మాటల్లో హల్లు రెండవుతుంది. ఓపెన్, విజిట్, లిజన్, ఆఫర్ మాటల్లో ఊనిక మొదట ఉంది, ఒక్కటే చాలు. తెలుగులో ఇలా ఊనిక మారితే మాట మారదు కాబట్టి మన చెవికి ఇది తట్టదు. డిక్షనరీలో ఉచ్చారణ దగ్గర చిన్న నిలువు గీత పైన కనిపిస్తుంది, దాని తర్వాతి ముక్క మీదే ఊనిక. ప్రిఫర్డ్‌కు రెండు ఆర్, ప్రిఫరెన్స్‌కు ఒకటి, ఎందుకంటే రెండోదానిలో ఊనిక ముందుకు జరిగింది. ట్రావెలింగ్‌లో ఊనిక మొదట ఉన్నా బ్రిటిష్ పద్ధతిలో ఎల్ రెండుసార్లు వస్తుంది, దాన్ని విడిగా గుర్తుపెట్టుకో.

ప్రశ్న: మా పాప డాక్టర్‌ను డి-ఎ-కె-టి-ఎ-ఆర్ అని రాస్తుంది. కలెక్టర్, టీచర్ అన్నింటికీ చివర ఎ-ఆర్ పెడుతుంది. వకారానికి వి ఎప్పుడు, డబ్ల్యూ ఎప్పుడు రాయాలో కూడా తెలియడం లేదు.
— ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: పాపకు రెండు తాళంచెవులు ఇవ్వండి. మన నోట్లో ‘ఆ’ అని పలికే మాటకు ఇంగ్లిష్‌లో చాలాసార్లు ఓ ఉంటుంది: డాక్టర్, కాలేజీ, హాస్పిటల్, ఆఫీసు, బాక్సు, షాపు. ‘యా’ అని పలికితే ఎ: బ్యాంకు, బ్యాగు, ట్యాంకు, మ్యాపు. ‘ఆ’ తర్వాత రకారం వినిపిస్తే ఎ-ఆర్: కారు, పార్కు, మార్కులు. క్లాసు, గ్లాసు, పాసు ‘ఆ’ పలికినా ఎ తోనే ఉంటాయి.

చివరి ‘అర్’ చెవికి ఒకటే, రాతకు మూడు. ముందు సి-టి జంట ఉంటే దాదాపు ఎప్పుడూ ఓ-ఆర్: డాక్టర్, కలెక్టర్, ట్రాక్టర్, కండక్టర్, ఇన్‌స్పెక్టర్, యాక్టర్. క్యారెక్టర్ ఎదురు తిరుగుతుంది, దానికి ఇ-ఆర్. మామూలు పనిమాట మీద చేరితే ఇ-ఆర్: టీచ్ చేస్తే టీచర్, డ్రైవ్ చేస్తే డ్రైవర్, ఫార్మర్, ప్లేయర్. షుగర్, కాలర్, డాలర్, గ్రామర్, క్యాలెండర్ ఎ-ఆర్ గుంపు. ఇది చిన్న గుంపు, బట్టీ పట్టినా నష్టం లేదు.

వకారం గురించి కూడా అడిగారు. మాట చివర వ్ వినిపిస్తే వి రాసి ఇ చేర్చాలి: గివ్, హ్యావ్, ఫైవ్. ఇంగ్లిష్ మాటలు ఉత్త వి తో దాదాపు ముగియవు. మొదట్లో వచ్చే వకారానికి నోరు చూసుకోవాలి: పై పళ్లు కింది పెదవికి తగిలితే వి, పెదవులు గుండ్రమైతే డబ్ల్యూ. మన ఊళ్ల పేర్లను ఈ లెక్కకు పట్టకండి. విజయవాడకు మొదట వి, తర్వాత డబ్ల్యూ రాస్తాం. అది అలవాటుగా స్థిరపడింది.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌ల కమీషన్ దుకాణంల లెక్కలు రాస్త. రిసీట్, కమీషన్, వెయిట్, క్వింటాల్ రాసినప్పుడల్లా అనుమానమే. రిసీట్‌ల పి ఎందుకున్నది?
— ఒక గుమాస్తా, వరంగల్

జవాబు: కమీషన్‌ను మూడు ముక్కలు చేయండి: సి-ఓ-ఎం, ఎం-ఐ-ఎస్, ఎస్-ఐ-ఓ-ఎన్. అతుకు దగ్గర ఎం రెండు, ఎస్ రెండు వాటంతటవే వస్తాయి. వెయిట్ అంటే ఎనిమిది అంకె స్పెల్లింగ్ ముందు డబ్ల్యూ. క్వింటాల్‌లో క్యూ పక్కన యు తప్పదు. కాటన్ రెండు టి, చిల్లీకి ఎల్ రెండు, బ్యాలెన్స్‌కు ఎల్ ఒకటే.

రిసీట్‌లో పి పలకదు. పాత ఇంగ్లిష్ రాతల్లో అది లేకుండానే రాసేవారు. లాటిన్ చదువుకున్న పండితులు మూలమైన రెసెప్టాలో పి ఉందని తెచ్చి చేర్చారు. అప్పు అని అర్థమున్న డెట్‌లో పలకని బి కూడా అలా డెబిటమ్ నుంచి వచ్చిందే. పద్దు రాసేటప్పుడు మనసులో ‘రి-సీప్ట్’ అనుకుని రాయండి, పైకి రిసీట్ అనండి. సి తర్వాత ఇ-ఐ వరుస: రిసీట్, రిసీవ్, సీలింగ్. ఈకారం పలికి ముందు సి లేకపోతే ఐ-ఇ: బిలీవ్, ఫీల్డ్. ప్రోటీన్, సీజ్ మినహాయింపులు. వెయిట్‌లో ఈకారమే పలకదు కాబట్టి దానికి ఈ నియమం వర్తించదు.

ప్రశ్న: గ్రూప్స్‌కు చదువుతున్నాను. అకామడేషన్, కమిటీ, నెససరీ, సెపరేట్ లాంటివి ఎన్నిసార్లు చూసినా మర్చిపోతున్నాను. షన్ చివర టి-ఐ-ఓ-ఎన్ ఎప్పుడు, ఎస్-ఐ-ఓ-ఎన్ ఎప్పుడు?
— ఒక అభ్యర్థి, భూపాలపల్లి

జవాబు: ఈ మాటల్లో నడిమి అచ్చులు ఇంగ్లిష్ వాళ్ల నోట్లో అరిగిపోయి ‘అ’ లాగే వినిపిస్తాయి. ప్రతి అచ్చునూ నిండుగా పలికే మన అలవాటు ఇక్కడ పెట్టుబడి. చదివేటప్పుడు తెలుగులా అక్షరమక్షరం పలకండి: సెప్-ఎ-రేట్, డెఫ్-ఐ-నైట్, వెడ్-నెస్-డే, ఫెబ్-రు-అరీ, గవర్న్-మెంట్. ఇది రాయడానికి మాత్రమే, మాట్లాడేటప్పుడు మామూలు ఉచ్చారణే.

జంట హల్లులు అతుకుల దగ్గర ఉంటాయి. అకామడేషన్ = ఎ-సి, సి-ఓ-ఎం, ఎం-ఓ-డి, తర్వాత ఎ-టి-ఐ-ఓ-ఎన్. సి రెండు, ఎం రెండు, డి ఒకటి. కమిటీ = సి-ఓ-ఎం, ఎం-ఐ-టి, టి-ఇ-ఇ. మూడు జంటలూ కళ్ల ముందుంటాయి. నెససరీకి ఒక సి, రెండు ఎస్.

షన్ కోసం మూల క్రియ చివర చూడండి. టి గానీ టి-ఇ గానీ ఉంటే ఎక్కువగా టి-ఐ-ఓ-ఎన్: యాక్షన్, ఎడ్యుకేషన్. డి, డి-ఇ అయితే ఎస్-ఐ-ఓ-ఎన్: ఎక్స్‌టెండ్ నుంచి ఎక్స్‌టెన్షన్, డిసైడ్ నుంచి డెసిషన్. ఎస్-ఎస్ ఉన్నా, ఎం-ఐ-టి తో ముగిసినా ఎస్-ఎస్-ఐ-ఓ-ఎన్: డిస్కషన్, పర్మిషన్, అడ్మిషన్. ఆ పని చేసే మనిషైతే సి-ఐ-ఎ-ఎన్: ఎలక్ట్రీషియన్, మ్యుజీషియన్. అటెన్షన్ మాత్రం అటెండ్ నుంచి వచ్చినా టి తోనే ఉంటుంది. దాన్ని మీ తప్పుల నోటుబుక్కులో మొదటి పేజీలోనే రాసుకోండి. ఆ పుస్తకంలో తప్పు రూపాన్ని రాయకండి. సరైన మాటను ముక్కలుగా రాసి, మీరు తప్పే ముక్కను మాత్రం ఎర్ర సిరాతో రాయండి.

ప్రశ్న: కలర్‌కు యు ఉండాలా వద్దా? ఫోను ఒకటి చూపిస్తుంది, పుస్తకం ఒకటి.
— ఒక ఇంటర్ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: రెండూ సరైనవే తమ్ముడూ. యు ఉన్నది బ్రిటిష్, లేనిది అమెరికన్. మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ పద్ధతివి కాబట్టి పరీక్షలో కలర్, లేబర్, ఫేవరిట్ మాటలకు యు పెట్టు, సెంటర్‌కు టి-ఆర్-ఇ రాయి. ఒకే జవాబు పత్రంలో రెండు పద్ధతులూ కలపకు. ఫోన్ కీబోర్డు సెట్టింగ్స్‌లో భాషల జాబితా తెరిచి, ఇంగ్లిష్ యు.ఎస్. తీసేసి ఇంగ్లిష్ ఇండియా పెట్టుకో.